హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్‌ఎస్ అయినయి. ఇగ రియాక్ట్‌కు పోవాల్నా, జావాస్క్రిప్ట్‌ల్నే ఉండాల్నా?

హనుమకొండ కొత్తకోడర్:
జావాస్క్రిప్ట్‌ల లూపులు, ఫంక్షన్లు, అర్రేల దాకా అయింది. ఉద్యోగ ప్రకటనల్ల ఎక్కడ చూసినా జావాస్క్రిప్ట్‌తో తెరలు కట్టే లైబ్రరీ రియాక్టే అడుగుతున్నరు. రోజుకు 2 గంటలు కూసోగల్గుత. ఏది ముందు పట్టుకోవాలె?

కాజీపేట జంక్షన్:
తమ్మీ, రియాక్ట్‌కే పో. భాష మొత్తం వచ్చినంకనే అనుకుంటే అది ఎన్నటికీ ఒడువదు. మ్యాప్, ఫిల్టర్, స్ప్రెడ్, డీస్ట్రక్చరింగ్, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్, అసింక్ అవెయిట్. ఈ ఆరు వస్తే మొదలుపెట్టొచ్చు. రియాక్ట్ ప్రాజెక్ట్ మొదలుపెట్టే పాత పనిముట్టు క్రియేట్ రియాక్ట్ యాప్‌తో చెప్పే వీడియోలు మాత్రం వదిలెయ్. కొత్త యాప్‌లకు దాన్ని వాడొద్దని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే చెప్పింది. అదే పని చేసే వీట్‌తో మొదలుపెట్టు. క్లాస్‌లుగా రాసే పాత కాంపొనెంట్లు (తెర ముక్కలు) కూడా ఇప్పుడు అక్కర్లేదు, ఆ పనిని ఉత్త ఫంక్షన్లతోనే చేయించే హుక్స్ 2019లో వచ్చినయి.

మడికొండ మలుపు:
ఆ ఆరు చాలనే మాట నేను ఒప్పుకోను. ఏనుమాముల మార్కెట్ మిర్చి ధరల పట్టిక చేస్తున్నవనుకో. క్వింటాల్‌కు 9500, 14000, 18200 అని మనమే మూడు అంకెలు వేసుకుందాం. తక్కువ నుంచి ఎక్కువకు పేర్చుదామని ఉత్త సార్ట్ పిలిస్తే 14000, 18200, 9500 అని వస్తది. ఎట్ల పోల్చాలెనో చెప్పకపోతే సార్ట్ అంకెల్ని స్ట్రింగులుగా మార్చి పోలుస్తది. మొదటి అక్షరం 1 తర్వాతే 9 గనక 9500 చివరికి పోయింది. ఎ లోంచి బి తీసేసే చిన్న ఫంక్షన్ లోపల ఇస్తే సరి.

ఇప్పుడు దాన్నే రియాక్ట్‌లో పెట్టు. స్టేట్‌లో, అంటే రియాక్ట్ గుర్తుంచుకునే డేటాలో, ఉన్న అర్రేను సార్ట్ చేసి ఆ డేటాను మార్చే సెటర్ ఫంక్షన్‌కు ఇచ్చినవ్. కన్సోల్‌లో వరుస మారి కనబడ్తది, తెర మీద మాత్రం కదలదు. ఎర్రర్ కూడా రాదు. ఎందుకంటే సార్ట్ కొత్త అర్రే చెయ్యదు, ఉన్నదాన్నే కదిలిస్తది. చేతికొచ్చింది పాత అర్రేనే గనక రియాక్ట్ మళ్లీ గీయదు. స్ప్రెడ్‌తో నకలు తీసి పేర్చాలె, లేకుంటే 2023లో భాషలోకి వచ్చిన, కొత్త అర్రే ఇచ్చే టూసార్టెడ్ వాడాలె. ఇది తెలియకనే యూజ్‌ఎఫెక్ట్ అనే హుక్‌లో తప్పు వెతుక్కుంట కూసుంటరు.

కాజీపేట జంక్షన్:
సార్ట్ సంగతి నిజమే అక్కా. కానీ ఆ తప్పు రియాక్ట్‌లో ఎదురైనప్పుడే రిఫరెన్స్ అంటే ఏందో మనసుకెక్కుతది. ముందుగాల పాఠంగా చదివితే నిలవదు.

మడికొండ మలుపు:
చదవమంటలేను, చెయ్యమంటున్న. అదే పట్టికను 3 వారాలు ఉత్త జావాస్క్రిప్ట్‌తో కట్టు. ఫారంలో ధర వేసి బటన్ నొక్కితే కొత్త వరుస చేరాలె. ఫారం దానంతట అది పోకుండ ఆపే ప్రివెంట్ డీఫాల్ట్ మరిస్తే పేజీ రీలోడ్ అయి వేసింది పోతది. ఇన్‌పుట్ వాల్యూ స్ట్రింగే, నంబర్‌గా మార్చకుండా 9500కు 500 కలిపితే 9500500 అయితది. తర్వాత ధరల్ని జేసన్ ఫైల్ నుంచి ఫెచ్ చెయ్. పేజీని డబుల్ క్లిక్‌తో తెరిస్తే బ్రౌజర్ అడ్డుకుంటది, లోకల్ సర్వర్ పెట్టుకోవాలె. ఇంకోటి, ఫైల్ దొరకలేదనే 404 వచ్చినా ఫెచ్ తప్పుల్ని పట్టే క్యాచ్‌లోకి పోదు. రెస్పాన్స్‌లో ఓకే విలువ ట్రూ ఉందో లేదో నువ్వే చూడాలె. రియాక్ట్‌లో కూడా ఇవన్నీ ఇట్లనే ఉంటయి.

భద్రకాళి గట్టు:
సీఎస్‌ఎస్ అయిపోయిందని అందరూ ఒప్పేసుకున్నరు. ఆ పట్టికను 360 పిక్సెళ్ల వెడల్పులో తెరిచి చూడున్రి. తెలుగుకు లైన్ హైట్ 1.2 పెడితే పై లైన్ వత్తులు కింది లైన్ గుడులకు తగుల్తయి. 1.6 దాకా పెంచాలె. ఎత్తు కట్టేసి ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టిన బటన్ మీద ‘క్వింటాల్’ అని రాస్తే కింది వ వత్తు కోసుకపోతది. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగ్‌లో లాంగ్ అని టీఈ పెట్టకపోతే స్క్రీన్ రీడర్‌కు అది తెలుగని తెల్వకపోవచ్చు. ఇవి ఏ ఫ్రేమ్‌వర్కూ నీ బదులు చూసుకోదు.

హనుమకొండ కొత్తకోడర్:
సమజైంది. పట్టిక ఈ రాత్రే షురూ చేస్త, 3 వారాలైనంక వీట్‌ల మళ్ల కడ్త. మరి జావాస్క్రిప్ట్‌కు టైపులు చేర్చే టైప్‌స్క్రిప్ట్, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ ఎప్పుడు?

కాజీపేట జంక్షన్:
టైప్‌స్క్రిప్ట్ రియాక్ట్‌లో ఒక ప్రాజెక్ట్ పూర్తయినంక. గిట్ మాత్రం ఈ రాత్రే, ఫోల్డర్ చేసిన వెంటనే. గిట్ వేటిని వదిలెయ్యాల్నో చెప్పే గిట్‌ఇగ్నోర్ ఫైల్‌ను వీట్ తనే పెడ్తది. చేత్తో చేసిన ప్రాజెక్ట్‌లో ఏదన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే ప్యాకేజీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పేరు ఆ ఫైల్‌లో నువ్వే రాసుకోవాలె, మొదటి కమిట్ కంటే ముందే.