నొప్పి మొదలైన చోట ఆగాలా, దాటి వెళ్లాలా?

మెట్లదారి:

పది వారాల క్రితం నా కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. మెట్లు దిగుతూ కాలు మెలిపడి పడిపోవడంతో మోకాలిలో తొడ ఎముకను కాలి ఎముకతో కట్టి ఉంచే ముందరి క్రూసియేట్ లిగమెంటు పూర్తిగా తెగింది, ఆ ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా లోపలివైపు చీలింది. తొడ వెనక కండరం నుంచి టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే నారను తీసి దాన్నే కొత్త లిగమెంటుగా అమర్చారు, మెనిస్కస్‌కు కుట్లు వేశారు. ఆ కుట్ల కోసం మొదటి 6 వారాలు 90 డిగ్రీలకు మించి వంచవద్దన్నారు. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది గాని, మోకాలు మాత్రం 95 డిగ్రీల దగ్గరే నిలిచిపోయింది.

ఇప్పుడు నాకు వ్యాయామం చేయిస్తున్న ఫిజియోథెరపిస్టు నన్ను బోర్లా పడుకోబెట్టి మడమను పిరుదు వైపు నొక్కుతారు. నేను ఆపమన్నా మరో పది అంకెలు లెక్కపెట్టిగాని వదలరు. కన్నీళ్లు రాకుండా వంగిన మోకాలిని తాను చూడలేదంటారు. అంతకుముందు నాలుగు వారాలు నన్ను చూసినవారు దీనికి పూర్తిగా విరుద్ధంగా, నొప్పి మొదలైన క్షణంలోనే ఆగిపోవాలని, నొప్పి అంటే లోపల ఏదో దెబ్బతింటోందని అర్థమని చెప్పేవారు. ఇద్దరూ చదువుకున్నవారే, ఇద్దరూ ధీమాగానే చెబుతారు. ఎవరి మాట వినాలి? వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేసుకుంటే శరీరం చేసే హెచ్చరికను నేనే నొక్కేసినట్టవుతుందా అన్నది రెండో సందేహం. ఈ దారిన నడిచినవారు చెప్పగలరు.

చేతికర్ర:

నాకు రెండేళ్ల క్రితం మోకాలి కీలు మార్చారు. మీ మొదటి ఫిజియోథెరపిస్టు వంటి దయగల మనిషే నాకూ దొరికారు, ఆ దయకు నేను మూల్యం చెల్లించుకున్నాను. నొప్పి అనగానే ఆగిపోతూ, రేపు చూద్దామనుకుంటూ తొమ్మిది వారాలు గడిపేసరికి మోకాలు 70 డిగ్రీల దగ్గర బిగుసుకుపోయింది. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవాలంటేనే మోకాలు 90 డిగ్రీలు దాటి వంగాలన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. చివరకు మళ్లీ మత్తు ఇచ్చి, లోపల పట్టుకుపోయిన మచ్చకణజాలం, అంటే గాయం మానే చోట పెరిగే గట్టి కణజాలం తెగేలా మోకాలిని బలవంతంగా వంచారు. ఆ తరువాతి వారం అనుభవించిన నొప్పిలో పదోవంతు మొదట్లోనే రోజూ ఓర్చుకుని ఉంటే ఆ రెండో మత్తు అవసరమయ్యేది కాదని నా నమ్మకం.

బిగుసుకున్న కీలు మన సౌకర్యం కోసం ఎదురుచూడదు. మచ్చకణజాలం మెత్తగా ఉన్నంతకాలమే మన మాట వింటుంది, ముదిరాక వినదు. కాబట్టి నా సలహా సూటిగా ఉంటుంది: పళ్ల బిగువున భరించండి.

నిదానం:

చేతికర్ర గారి బాధను తక్కువ చేయను గాని, ఆయన అనుభవాన్ని అన్ని కీళ్లకూ వర్తింపజేస్తే ప్రమాదం ఉంది. నాకు మోచేయి విరిగింది. కట్టు విప్పిన తరువాత వంగడం లేదని ఒక బంధువు, ఆపైన ఒక మర్దనం చేసే మనిషి, ఇద్దరూ కలిసి రోజూ లాగారు. నేను పళ్ల బిగువునే భరించాను. రెండు నెలల తరువాత ఎక్స్‌రేలో కండరం మధ్య ఎముక పెరిగి కనిపించింది. గాయపడిన మోచేతిని మోటుగా లాగకూడదని, అలా లాగితే ఎముక ఉండకూడని చోట ఎముక ఏర్పడే అవకాశం ఉందని శస్త్రవైద్యుడు అప్పుడు చెప్పారు. నా విషయంలో కారణం ఆ లాగుడేనా, దెబ్బ తీవ్రతేనా అన్నది ఆయన కూడా తేల్చి చెప్పలేదు, నేనూ చెప్పలేను. కాని ఓర్పు ఎక్కువగా ఉన్నవాడికే ఎక్కువ మేలు జరుగుతుందన్న సూత్రం నా మోచేతి దగ్గర పనిచేయలేదు.

మెట్లదారి గారి ప్రశ్నలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నొప్పి కాదు, "ఆపమన్నా" అన్న ఆ ఒక్క మాట.

తెల్లకాగితం:

నేను ఇరవై ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను, కనుక నా మాటలో వృత్తిపరమైన పక్షపాతం ఉంటే మన్నించండి. మిమ్మల్ని చూసిన ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా అభిప్రాయం. ఒకరు నొప్పిని ప్రమాదానికి కొలత అనుకుంటే, మరొకరు దాన్నే ప్రగతికి కొలత అనుకుంటున్నారు. వ్యాయామం జరుగుతున్న ఆ నిమిషంలో కలిగే నొప్పి ఈ రెండింటికీ నమ్మదగిన కొలత కాదు.

నొప్పి ఉన్నా ఆపవద్దన్న వాదానికి గట్టి ఆధారం టెండన్ల నుంచి వచ్చింది. 1998లో స్వీడన్‌కు చెందిన హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం, మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ నొప్పితో పరుగు మానేసిన 15 మంది చేత, మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామాన్ని రోజుకు 180 సార్ల చొప్పున 12 వారాలు చేయించింది. నొప్పి వస్తే కొనసాగించాలి, నొప్పి రావడం మానేస్తే వీపున బరువు పెంచాలి అన్నది అక్కడి నియమం. ఆ పదిహేను మందీ తిరిగి పరుగెత్తగలిగారు. ఆ తరువాత 2007లో స్వీడన్‌లోనే కారిన్ సిల్బర్‌నాగెల్ బృందం 38 మంది మీద చేసిన పరీక్షలో ఇంకాస్త మెత్తని నియమం పెట్టింది. సున్నా నుంచి పది వరకు గల కొలతలో నొప్పి 5 దాకా రావచ్చు, మరునాటి ఉదయానికి అది తగ్గిపోవాలి, వారం వారానికీ నొప్పి, బిగువు పెరగకూడదు. ఈ హద్దుల్లో పరుగు కొనసాగించినవారికి, పరుగు ఆపి విశ్రాంతి తీసుకున్నవారికంటే ఫలితం ఏమీ తగ్గలేదు.

అయితే ఇవి వాడకం వల్ల అరిగి మందమైన టెండన్ల గురించిన మాటలు. పది వారాల క్రితం మీకు లిగమెంటు స్థానంలో అమర్చిన టెండన్‌కు, అంటే గ్రాఫ్టుకు, వీటిని నేరుగా అంటగట్టకూడదు. గ్రాఫ్టు కథ వేరు. తీసి అమర్చిన టెండన్‌లోని పాత కణాలు చనిపోయి, కొత్త రక్తనాళాలు పాకి, కొత్త కణాలు చేరే క్రమంలో అది రెండో, మూడో నెలల్లో అమర్చిన నాటికంటే కూడా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే వాపు తీసి, నొప్పి తగ్గి, మనిషికి కాలు బాగైపోయిందన్న భ్రమ కలుగుతుంది. నొప్పిని చూసి భయపడే రోగుల గురించి అందరూ మాట్లాడతారు గాని, నా దగ్గరకు రెండోసారి లిగమెంటు తెంచుకుని వచ్చినవారిలో ఎక్కువమంది నొప్పి లేదు కదా అని ఆటకు వెళ్లినవారే. 2016లో వెలువడిన నార్వే, అమెరికా పరిశోధకుల అధ్యయనంలో, తొమ్మిదో నెల వరకు ఆటను ఎంత వెనక్కి జరిపితే అంత మేలని, ఆలస్యం చేసిన ఒక్కొక్క నెలకూ మళ్లీ గాయపడే అవకాశం దాదాపు సగానికి పడిపోయిందని తేలింది.

ఇక వంచడం విషయం. బోర్లా పడుకున్నప్పుడు మడమను గట్టిగా నొక్కితే, నొప్పికి బెదిరి తొడ ముందరి కండరం బిగుసుకుని ఎదురు తిరుగుతుంది. అప్పుడు మీ ఫిజియోథెరపిస్టు బలం మచ్చకణజాలం మీద కాక మీ కండరం మీదనే ఎక్కువగా ఖర్చవుతుంది. తక్కువ బలంతో ఎక్కువసేపు పట్టి ఉంచితే, అంటే పట్టీతో మీరే లాగి పది పదిహేను నిమిషాలు ఆ అంచునే నిలిపితే, బిగిసిన కణజాలం మెల్లగా లొంగుతుంది. మరునాడు ఉదయం మోకాలిచిప్ప పై అంచు దగ్గర టేపుతో చుట్టుకొలత తీసి రాసుకోండి. కీలులో చేరిన నీరు తొడ కండరానికి వెళ్లే ఆదేశాలను అణచివేస్తుంది, కాబట్టి వాపు పెంచిన వ్యాయామం డిగ్రీలు ఇచ్చినా కండరాన్ని తీసుకుపోతుంది.

చేతికర్ర గారు ఒక విషయంలో పూర్తిగా సరైనవారు: కాలం విలువైనది. 95 డిగ్రీల దగ్గర కదలిక ఆగిపోయిందంటే ఈ వారమే మీ శస్త్రవైద్యుడికి చూపించండి. కాలు పూర్తిగా చాపగలుగుతున్నారో లేదో కూడా చెప్పండి, ఎందుకంటే నడకకు వంగకపోవడంకంటే చాచలేకపోవడమే పెద్ద నష్టం.

చేతికర్ర:

పదిలో ఐదు అని ఎవరు నిర్ణయిస్తారు? నాకు ఆ తొమ్మిది వారాల్లో ఏ రోజు అడిగినా ఎనిమిది అనే చెప్పేవాణ్ని. అది అబద్ధం కాదు, భయం అంత పెద్దదిగా ఉండేది. భయపడే మనిషి చేతికి కొలత ఇచ్చి, ఐదు దాటితే ఆగమంటే వాడు మొదటి అడుగులోనే ఆగుతాడు. ఆ పట్టీని నా చేతికే ఇచ్చి ఉంటే నా మోకాలు ఈనాటికీ వంగేది కాదు.

రాత్రిపాళీ:

శస్త్రచికిత్స వార్డులో నర్సుగా పనిచేస్తాను. చేతికర్ర గారు అన్నది నిజమే గాని, అది ఆ అంకెను కొట్టివేయడానికి కారణం కాదు. మీ ఎనిమిదిని మరొకరి ఎనిమిదితో పోల్చలేం. మీ నిన్నటి అంకెను మీ ఈనాటి అంకెతో మాత్రం పోల్చగలం. నొప్పిలో భయానికి, అర్థానికి ఎంత వాటా ఉందో రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే తెలిసింది. ఇటలీ యుద్ధరంగంలో తీవ్రంగా గాయపడిన సైనికులను పరిశీలించిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్, వారిలో అధికులు మార్ఫిన్ అడగలేదని 1946లో రాశారు. వారికి గాయమంటే యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడటం. మెట్లదారి గారికి గాయమంటే నడక పోవడం. అందుకే గాయం పరిమాణాన్ని బట్టి నొప్పి ఇంతే ఉండాలని పక్కవారు తీర్పు చెప్పకూడదు.

మాత్ర విషయానికి వస్తే, ఓర్చుకోవడాన్ని గొప్పతనంగా చూసే అలవాటు వల్ల వార్డులో జరిగే నష్టాన్ని నేను రోజూ చూస్తాను. నొప్పికి దగ్గలేక ఊపిరితిత్తుల్లో కఫం పట్టినవారు, కదలక పిక్కలో రక్తం గడ్డకట్టినవారు ఆ ఓర్పు వల్ల బాగుపడినవారు కాదు. వైద్యుడు రాసిన మాత్రను వ్యాయామానికి ముప్పావు గంట ముందు వేసుకోవడంలో మోసమేమీ లేదు. మామూలు మోతాదు నొప్పిని తగ్గిస్తుందే గాని చెరిపేయదు. పదునైన కొత్త నొప్పి వస్తే అది మాత్రను దాటుకుని కూడా తెలుస్తుంది. శస్త్రచికిత్స రోజున నరాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు మాత్రం సంగతి వేరు, ఆ కాలి మీద నమ్మకంతో లేచి నడిస్తే పడిపోతారు.

హద్దులు ఉన్నాయి. పారాసిటమాల్ పెద్దవారికి రోజుకు 4 గ్రాములు మించకూడదు, జలుబు మాత్రల్లో కూడా అదే ఉంటుందని మరచిపోకూడదు. ఐబుప్రొఫెన్ జాతి మందులు కడుపునూ మూత్రపిండాలనూ ఇబ్బంది పెడతాయి. నల్లమందు జాతి మందులు వాడితే మలబద్ధకానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి, వారాల తరబడి వాడినవాటిని ఒక్కరోజులో ఆపకుండా వైద్యుడు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. పిక్క వాచి నొప్పెడితే, ఊపిరి అందకపోతే, జ్వరంతో కుట్ల దగ్గర ఎర్రబడితే, చర్మం రంగూ వేడీ మారి చిన్న తాకిడికే భరించలేని మంట పుడితే, ఇక్కడ ప్రశ్నలు అడుగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

నిదానం:

చేతికర్ర గారూ, మీకు పట్టీ ఇచ్చి వదిలేసి ఉంటే మోకాలు వంగేది కాదన్నారు, ఒప్పుకుంటాను. నేను అడిగేది అది కాదు. తోసేవారు ఉండాలి, అయితే ఆపమంటే ఆగుతారని ముందే తెలిసి ఉండాలి. ఆగుతారన్న నమ్మకం ఉంటే కండరం అంతగా ఎదురు తిరగదని నా మోచేతికి తరువాత వైద్యం చేసిన ఆమె దగ్గర తెలుసుకున్నాను. ఆమె నన్ను తక్కువేమీ నొప్పించలేదు.

చేతికర్ర:

ఆపమనే హక్కు ఉంటే దాన్ని రోజూ వాడేవాణ్నని నాకు తెలుసు. ఈ ఒక్క విషయంలో మనం ఏకీభవించలేం.

మెట్లదారి:

మూడు వారాలైంది, అందరికీ కృతజ్ఞతలు. శస్త్రవైద్యుడు చూశారు. కాలు పూర్తిగా చాపగలుగుతున్నాను గనుక కంగారు లేదని, నెల రోజుల్లో పురోగతి కనిపించకపోతే మత్తు ఇచ్చి వంచడం గురించి ఆలోచిద్దామని అన్నారు. ఫిజియోథెరపిస్టుతో మాట్లాడాను. మొదట నొచ్చుకున్నారు, తరువాత చెయ్యి ఎత్తితే వదిలేస్తానని ఒప్పుకున్నారు. రోజుకు మూడుసార్లు పట్టీతో నేనే లాగుతున్నాను, ఉదయం టేపుతో కొలుస్తున్నాను. ఇప్పుడు 108 డిగ్రీలు.

పుస్తకంలో రాసుకున్నవి తిరగేస్తే రెండు సంగతులు కనిపించాయి. పాత పద్ధతిలో నొక్కిన చివరి మూడు రోజుల్లో మరునాటికి మోకాలు సెంటీమీటరుకు పైగా వాచేది, పట్టీ మొదలుపెట్టాక ఆ వాపు లేదు. కాని పట్టీతో నేనే లాగిన రోజుల్లో చాలాసార్లు తొందరపడి వదిలేశానని నాకే తెలుస్తోంది. ఒక్క రోజులో అన్నిటికన్నా ఎక్కువగా, నాలుగు డిగ్రీలు వచ్చింది, ఆయన మడమ పట్టుకున్న రోజునే. ఆ రోజు నేను చెయ్యి ఎత్తబోయి దించేశాను. చేతికర్ర గారికి ఈ మాట నచ్చుతుందని తెలుసు.

చేతికర్ర:

నచ్చింది. ఆ మరునాడు ఉదయం వాపు ఎంత?

మెట్లదారి:

అర సెంటీమీటరు. మధ్యాహ్నానికి తీసేసింది.