‘మికీమౌసింగ్’ని తెలుగులో ఏమందాం?

సినిమా సంగీతం మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తూ ఈ మాట దగ్గర ఆగిపోయాను. తెర మీద కదలిక ఎలా ఉంటే సంగీతమూ అచ్చం అలాగే నడవడం. పిల్లి మునివేళ్ల మీద నడిస్తే వయొలిన్ తీగలు టుంగుటుంగుమంటాయి, మెట్ల మీంచి దొర్లితే స్వరాలూ అవరోహణలో దొర్లుతాయి. టామ్ అండ్ జెర్రీ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, స్కాట్ బ్రాడ్లీ సంగీతం. అదే మాట మామూలు సినిమా సంగీతాన్ని అంటే మాత్రం చాలాసార్లు తిట్టే. అందుకే ‘వంతపాట’ అనుకున్నాను. మనకీ ‘వంతపాడుతున్నాడు’ అంటే మెప్పు కాదుగా. ఏమంటారు?

— వంత కుదరదండీ. కథకుడు ముందు, వంత వెనక. ఇక్కడ వరస తిరగబడింది. 1928 స్టీమ్‌బోట్ విల్లీ అనే మికీమౌస్ కార్టూన్‌కి డిస్నీ యానిమేటర్ విల్‌ఫ్రెడ్ జాక్సన్ మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమని లయ చూపే యంత్రం) పెట్టుకుని, సెకనుకి 24 ఫ్రేముల చొప్పున ఒక్కో దరువుకి ఎన్ని ఫ్రేములు పడతాయో ముందే లెక్కకట్టారు. బొమ్మలు ఆ లెక్కకే గీశారు. అంటే ఎలుకే దరువుకి ఆడింది! నన్నడిగితే ‘నట్టువాంగం’ (తాళం వేసి నాట్యాన్ని నడపడం) దగ్గర మాట.

— నట్టువాంగం అంటే చదివేవాళ్లు కూచిపూడి అనుకుంటారు. పైగా తిట్టు పోయింది.

— వంతని మరీ తక్కువ చేయకండి మాస్టారూ. బుర్రకథలో ‘తందాన తాన’ ఒక్కటేనా? హాస్య వంత మధ్యలో అడ్డుపడి చమత్కారాలు విసురుతాడు. వార్నర్ బ్రదర్స్‌లో 1936 నుంచి 1958 దాకా పనిచేసిన కార్టూన్ల సంగీత దర్శకుడు కార్ల్ స్టాలింగ్ ఆ బాపతే. ఆ కంపెనీకి సొంత పాటల ప్రచురణ సంస్థలుండేవి, ఏ బాణీ కావాలంటే అది వాడుకోవచ్చు. ఎర్రగౌను ఆవిడ తెర మీదికొస్తే ‘ద లేడీ ఇన్ రెడ్’ బాణీ మోగించేవాడు. మాట లేదు, బాణీ తెలిసినవాడికి శ్లేష అందుతుంది. తెలియనివాడికి ఉత్త హుషారు. మనబోటివాళ్లం చిన్నప్పుడు ఆ రెండో రకం.

— ఇది బాగుంది. అయితే రెండూ వేరు చేస్తాను. కదలికని పట్టుకునేదానికి ‘అడుగుదరువు’, స్టాలింగ్ పద్ధతికి ‘హాస్య వంత’. తిట్టిన చోట ‘అడుగడుక్కీ తాళం కొట్టే సంగీతం’ అని విడమరిచి రాసేస్తా. ‘అడుగుదరువు’ కలిపి రాయాలా, విడదీయాలా?

— కలిపే రాయండి.