ఏడేళ్ళ పాపకి వేరే మతాల గురించి చెప్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పాప_వాళ్ళమ్మ:
అందరికీ నమస్తే అండి. మా పాపకి ఏడేళ్ళు. క్లాసులో ఫ్రెండ్స్ పండగలు, ప్రార్థనలు మనలా లేవని ఈ మధ్యే గమనించింది, ఇంక ఒకటే ప్రశ్నలు, వాళ్ళ దేవుడు వేరా, ఆ అమ్మాయి తలకి స్కార్ఫ్ ఎందుకు కట్టుకుంటుంది, ఎవరి దేవుడు నిజం అని. "దేవుడు ఒక్కడేలే" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం నాకు ఇష్టం లేదు, తను నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది కదా. అలాగని పెద్ద పెద్ద సిద్ధాంతాలు చెప్తే తలకెక్కవు. మా అత్తయ్యగారేమో ఇప్పట్నుంచే అన్నీ చెప్తే మనదేంటో తెలీకుండా పోతుందని భయపడుతున్నారు. ఎవరైనా పిల్లలకి ఇవి చెప్పినవాళ్ళు ఉంటే ఎలా మొదలుపెట్టారో చెప్పండి ప్లీజ్.

బడిపంతులు:
ప్రైమరీ క్లాసులకి చెప్తానండి, నా అనుభవంలో దేవుడితో కాదు, క్యాలెండర్‌తో మొదలుపెడితే పిల్లలు పట్టుకుంటారు. గోడకి ఒక పెద్ద క్యాలెండర్ పెట్టి అందరి పండగలూ గుర్తుపెట్టమనండి, ఒక ఏడాది గడిచాక "రంజాన్ పోయినేడాది తేదీకి ఎందుకు రాలేదు" అని తనే అడుగుతుంది. అప్పుడు చెప్పొచ్చు, ముస్లింల క్యాలెండర్ పూర్తిగా చంద్రుడి లెక్క, ఏడాదికి 354 రోజులే, అందుకని రంజాన్ ప్రతి ఏడూ మన క్యాలెండర్‌లో దాదాపు 11 రోజులు ముందే వచ్చేస్తుంది, సుమారు 33 ఏళ్ళలో అన్ని కాలాలూ చుట్టేస్తుంది, అంటే ఒకే మనిషి చలికాలం ఉపవాసమూ చూస్తాడు, మండుటెండ ఉపవాసమూ చూస్తాడు. యూదులదీ చంద్రుడి లెక్కే గానీ పండగలు కాలం తప్పకుండా 19 ఏళ్ళలో 7 సార్లు ఒక అధిక మాసం కలుపుకుంటారు. మన పంచాంగంలో అధిక మాసం తెలిసిన పిల్లలకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఈస్టర్ కూడా పౌర్ణమిని బట్టే, మార్చి 21 నాడో ఆ తర్వాతో వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం, అందుకే మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు (రష్యా, గ్రీస్ లాంటి చోట్ల ఉండే తూర్పు చర్చిల్లో చాలావాటికి పాత జూలియన్ క్యాలెండర్ లెక్క కాబట్టి వాళ్ళ తేదీ చాలాసార్లు వేరుగా ఉంటుంది). ఏడేళ్ళ పిల్లకి కావాల్సింది ఇలాంటివేనండి, ఎందుకు, ఎలా అని. నిజమా అబద్ధమా అన్న ప్రశ్న వచ్చినా దాని పక్కన చెప్పుకోడానికి ఇన్ని విషయాలు ఉంటాయి.

నిదానం:
క్యాలెండర్ ఐడియా చాలా బావుంది. నేను ఒకటి కలుపుతా, "అన్ని మతాలూ ఒకటే చెప్తాయి" అని మాత్రం చెప్పకండి, పిల్లలు తేడాలు చూస్తూనే ఉంటారు కదా, కళ్ళ ముందున్నది లేదంటే మన మాట మీదే నమ్మకం పోతుంది. తేడాలు నిజంగానే ఉన్నాయి. జైనులు, బౌద్ధులు ఈ లోకాన్ని సృష్టించిన దేవుడు ఒకడున్నాడని చెప్పరు. మసీదులో విగ్రహం గానీ బొమ్మ గానీ ఉండదు. సిక్కులకి గురువు ఒక గ్రంథం, 1708లో గురు గోవింద్ సింగ్ తన తర్వాత మనిషి గురువు ఉండడు, గ్రంథ్ సాహిబే గురువు అని చెప్పారు. అలాగే కలిసే చోట్లు కూడా చూపించండి, ఏసుని ముస్లింలు ఈసా అనే ప్రవక్తగా గౌరవిస్తారు, ఖురాన్‌లో 19వ సూరా, అంటే అధ్యాయం, పేరు మర్యమే, అంటే ఆయన తల్లి పేరు. మా బాబు ఇది విన్నప్పుడు ఎంత ఆశ్చర్యపోయాడో! ఇంకోటి, ఒక మతంలో ఉన్నవాళ్ళందరూ ఒకేలా ఉండరని కూడా చెప్పాలి. స్కార్ఫ్ కట్టుకునేవాళ్ళూ ఉంటారు, కట్టుకోనివాళ్ళూ ఉంటారు, అసలు ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకీ అంతే గౌరవం ఇవ్వాలి. "ఎవరిది నిజం" అంటే నేను "మనం ఇది నమ్ముతాం, వాళ్ళు అది నమ్ముతారు, పెద్దయ్యాక నువ్వు ఆలోచించుకో" అంటాను, అది తప్పించుకోడం కాదు, నిజంగా అంతే కదా.

పాప_వాళ్ళమ్మ:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి, మర్యమ్ సంగతి నాకే తెలీదు. మరి అత్తయ్యగారికి ఏం చెప్పమంటారు? ఆవిడ భయాన్ని కొట్టిపారెయ్యాలని నాకు లేదు.

పెద్దక్క:
అమ్మా, ఆవిడ భయం సహజమే, ఆవిణ్ణే ఇందులోకి లాగు. మన పూజ ఎందుకు చేస్తాం, ఆ కథ ఏంటి అని పాపకి చెప్పే పని ఆవిడదే చెయ్యి. సొంతది బాగా తెలిసిన పిల్లకి పక్కవాళ్ళది వింటే పోల్చుకోడానికి ఒక ఆధారం ఉంటుంది, అయోమయం రాదు. 1989లో ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒప్పందం చేసినప్పుడు 14వ ఆర్టికల్‌లో పిల్లలకి మత స్వేచ్ఛ ఉందన్నారు, ఆ పక్కనే పిల్లల ఎదుగుదలని బట్టి దారి చూపించే హక్కు, బాధ్యత తల్లిదండ్రులకి ఉన్నాయనీ రాశారు. రెండూ కలిపే పెట్టారు చూడు.

ఇంక అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్ళు వేరే మతం వాళ్ళ గురించి పిల్ల వినట్లేదనుకుని ఏం మాట్లాడుతున్నారో చూసుకోండి. మీరు ఎంత చక్కగా చెప్పినా, భోజనాల దగ్గర ఎవరో "వాళ్ళంతా అంతే" అన్న ఒక్క మాట ఆ పిల్లకి బాగా గుర్తుండిపోతుంది. అలా ఎవరైనా అంటే పాప ముందే నెమ్మదిగా కాదని చెప్పాలి, తర్వాత చాటుగా చెప్తే పిల్లకి తెలిసేదెలా.

పాప_వాళ్ళమ్మ:
నిజమే అక్కా, ఇది మా ఇంట్లో అందరూ చదవాలి. ఒక్క చివరి డౌట్, గురుద్వారాకో చర్చికో తీసుకెళ్తే ముందుగా ఏం చెప్పి తీసుకెళ్ళాలి?

బడిపంతులు:
ముందు ఫోన్ చేసి బయటవాళ్ళు ఎప్పుడు రావచ్చో కనుక్కోండి, ప్రార్థన టైంలో కూర్చోవచ్చా అని కూడా అడగండి. గురుద్వారాలో చెప్పులు విడిచి తల కప్పుకోవాలి, ఆడా మగా అందరూ, పిల్లలు కూడా. యూదుల ప్రార్థనా మందిరంలో సాధారణంగా మగవాళ్ళు తల కప్పుకుంటారు. చర్చిలో చాలాచోట్ల మగవాళ్ళు టోపీ తీసేస్తారు. ఒక చోట కప్పుకోడం, ఇంకో చోట తీసెయ్యడం, రెండూ గౌరవమే అని పాపకి ముందే చెప్తే వెళ్ళాక తనే గమనిస్తుంది. ప్రార్థన చేసుకునేవాళ్ళని ఫొటో తియ్యొద్దు, వేలు పెట్టి చూపించొద్దు. వాళ్ళతో పాటు దణ్ణం పెట్టాలని బలవంతం లేదు, పెట్టాలనిపిస్తే ఆపనూ వద్దు. అడగాలనుకున్న ప్రశ్నలు బయటికొచ్చేదాకా గుర్తుపెట్టుకోమనండి, లేదా అక్కడి పెద్దల్నే అడిగించండి, చిన్నపిల్ల అడిగితే చాలామంది కూర్చోబెట్టి మరీ చెప్తారు.