అప్‌డేట్: అమ్మ వాళ్లింట్లో సిగ్నల్ గొడవ తీరింది

అమలాపురం దగ్గర పల్లెలో అమ్మ వాళ్లింట్లో కాల్స్ తెగిపోతున్నాయి, ఏ నెట్‌వర్క్‌కి మారమంటారు అని అడిగింది నేనే. సలహా చెప్పినవాళ్లందరికీ థాంక్స్.

పనికొచ్చింది ఒకే ఒక్క మాట: "పోర్ట్ పెట్టే (అదే నంబరుతో వేరే కంపెనీకి మారే) ముందు ఇంకో కంపెనీ కొత్త సిమ్ తీసుకుని, వారం రోజులు ఆ ఇంట్లోనే వాడి చూడండి." రెండు కంపెనీలవి తెచ్చి అమ్మ ఫోన్‌లో రెండో స్లాట్‌లో మార్చి మార్చి చూశాం. మొదటిది వీధి అరుగు మీద 5జీ, 200 ఎంబీపీఎస్ పైనే. తీరా వంటింట్లోకి వెళ్తే సిగ్నల్ మైనస్ 118 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది), అంటే దాదాపు లేనట్టే. రెండోది 4జీయే, స్పీడ్ 15 ఎంబీపీఎస్ దాటలేదు, కానీ వంటింట్లో కూడా మైనస్ 97. తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్ (రేడియో తరంగాల శ్రేణి) వాడే సిగ్నల్ గోడల్లోంచి బాగా వస్తుందని ఇక్కడ ఒకరు చెప్పారు, అదే కారణం అయ్యుండాలి. అమ్మకి కావాల్సింది మాట వినపడటం, స్పీడ్ ఏం చేసుకుంటుంది!

అందుకే ఆ రెండో కంపెనీకే మారదామని 1900కి పోర్ట్ మెసేజ్ పెడితే కోడ్ వచ్చింది. అది నాలుగు రోజులే పనిచేస్తుంది, ఆలోగా షాపుకి వెళ్లాలి. మూడో రోజుకి అమ్మ నంబరు కొత్త కంపెనీకి మారింది. బ్యాంకు ఓటీపీలు మాత్రం ఒక పూట రాలేదు.

ఫోన్ మార్చమన్న సలహా అక్కర్లేకపోయింది, అదే పాత ఫోన్. కవరేజ్ మ్యాపులూ పెద్దగా తేల్చలేదు, మూడు కంపెనీల మ్యాపులోనూ మా ఊరు నిండుగానే ఉంది మరి.