అప్‌డేట్: క్లబ్ హాల్లో బావగారి వయొలిన్, స్పీకర్ల కూత తగ్గింది

విజయనగరంలో ఒక క్లబ్ హాల్లో మా మేనకోడలి పాట, బావగారి వయొలిన్, తమ్ముడి మృదంగం ఉన్నాయి, స్పీకర్లు కుయ్యిమనకుండా ఏం చేయాలని అడిగాను కదా. కచేరీ హాయిగా సాగింది. ఏది పనిచేసిందో రాస్తున్నా.

పెద్ద స్పీకర్లు రెండూ మైకుల వరసకి బాగా ముందుకి జరిపి, జనం వైపు తిప్పించాం. సగం కూత అక్కడే పోయింది. పాడేవాళ్ల మానిటర్‌ని (వాళ్ల పాట వాళ్లకే వినిపించే స్పీకర్) కార్డియాయిడ్ మైకుకి, అంటే ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకుకి, సరిగ్గా వెనకవైపు పెట్టాలి, అటు నుంచి వచ్చే శబ్దాన్ని అది చాలా తక్కువ పడుతుంది. మైకు జాలీని గుప్పిట్లో మూసేస్తే ఆ గుణం పోయి కూత మొదలవుతుంది. పిల్లలకి ముందే చెప్పండి.

అసలు సంగతి వయొలిన్‌ది. తీగల్ని మోసే బ్రిడ్జికి తగిలించి, దాని కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే పీజో పికప్‌కి 1 మెగా ఓం (1000 కిలో ఓంలు) నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. మిక్సర్ (మైకులన్నిటి శబ్దాన్నీ కలిపి సర్దే పెట్టె) లైన్ ఇన్‌పుట్ సాధారణంగా 10 కిలో ఓంల దరిదాపుల్లో ఉంటుంది, అందుకే నేరుగా కలిపితే మంద్రం పోయి పీలగా గీరుతుంది. మధ్యలో ఈ తేడాని సరిచేసే ప్రీఆంప్ అనే చిన్న పరికరం పెట్టాక నాలుగో తీగ నిండుగా పలికింది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన ఊళ్లో వయొలిన్ అలాగే వినబడాలి.

మృదంగానికి కుడివైపు జానెడు దూరంలో ఒక మైకు చాలు.

ఖాళీ హాల్లో కుదిరిన సౌండు జనం నిండాక మారుతుంది, బట్టలూ మనుషులూ పైస్వరాల్ని పీల్చేస్తారు. కచేరీ మొదట్లో పాడే వర్ణం నడుస్తుండగానే ఒకరు వెనక వరసకి వెళ్లి విని, మిక్సర్ అబ్బాయికి చెప్పాలి.