తోలు సీటు మధ్యలో దిగిపోయింది, రెక్కలు విచ్చుకున్నాయి: బోల్టు బిగిస్తే సరిపోద్దా?

నెల్లిమర్ల_రోడ్‌స్టర్:
పాత 22 అంగుళాల సైకిలు. వెనక రెండు కాయిల్ స్ప్రింగులున్న తోలు సీటు. తోలు మందంగానే ఉంది గానీ మధ్యలో పల్లం పడింది, కూర్చుంటే ముక్కు వైపు జారిపోతున్నాను. పక్క రెక్కలు బయటికి విచ్చుకుని తొడలకి రాసుకుంటున్నాయి. ముక్కు కింద బోల్టు ఉంది, తుప్పు పట్టి కదలట్లేదు. వెనక ఒక రివిట్ దగ్గర సన్నటి గీత కనిపిస్తోంది. షాపులో అడిగితే ఇది పారేసి ఫోమ్ సీటు వేయించుకోమన్నారు. నాకు తోలుదే కావాలి. ఆముదం పట్టిస్తే సర్దుకుంటాదని ఒకరు, తడిపి ఎండలో పెడితే బిగుసుకుంటాదని ఇంకొకరు చెప్పారు. ముందు ఏటి చెయ్యాలి?

చీపురుపల్లి_పానా:
మాస్టారూ, ఆముదం, ఎండ రెండూ పక్కన పెట్టండి. బోల్టు జోలికి కూడా అప్పుడే వెళ్ళకండి.

ఈ సీటుకి కింద ఆధారం ఏమీ ఉండదు. వెనక ఇనప పట్టీకి, ముందు ముక్కు రేకుకి రివిట్లు కొట్టి ఉంటాయి, మధ్యలో తోలు నులక మంచంలా వేలాడుతుంది. అది దిగడానికి రెండు కారణాలు. ఒకటి, తోలు ముందు నుంచి వెనక్కి పొడవునా సాగడం. రెండు, రెక్కలు పక్కలకి విచ్చుకోవడం. బోల్టు మొదటిదానికే పనిచేస్తుంది. రెక్కలు విచ్చుకున్న సీటుకి బోల్టు బిగిస్తే నడిమధ్యన ముక్కు దాకా గట్టి వెన్ను లేస్తుంది, ఎముకలు ఆనే చోటు మాత్రం పల్లంగానే ఉండిపోతుంది. నొప్పి ఎక్కువవుతుంది, లాగుడంతా పోయి వెనక రివిట్ల మీద పడుతుంది. మీకు అక్కడే గీత ఉందంటున్నారు కాబట్టి ఇది చాలా ముఖ్యం.

ఏ కారణమో తేల్చుకోవడం తేలిక. రెండు రెక్కల్నీ కింది అంచుల దగ్గర పట్టుకుని లోపలికి నొక్కండి, ఇంకొకర్ని అరచేత్తో పైన గట్టిగా అదమమనండి. పల్లం చాలామటుకు లేచి నిలబడితే తప్పు రెక్కలది. నొక్కినా అలాగే దిగుతుంటే తోలు పొడవునా సాగినట్టు. ఒక తిన్నని స్కేలు వెనక పట్టీ మీంచి ముక్కు దాకా పెట్టి, లోతైన చోట ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి రాసుకోండి. కొత్త సీటుకి కూడా కొంత వంపు ఉంటుంది, సున్నా చెయ్యాలని చూడొద్దు. వెనక భాగంలో కుడి ఎడమల రెండు చిన్న గుంటలు పడటం కూడా అరుగుదల కాదు, అది మీ ఎముకలకి తోలు కుదురుకున్న గుర్తు.

మీరు చెప్పిందాన్ని బట్టి రెక్కలదే ఎక్కువ అనిపిస్తోంది. లేసు కట్టాలి, అంటే రెండు రెక్కల్నీ సీటు కింద నుంచి తాడుతో కలిపి కట్టడం. రెక్క కింది అంచుకి 10 నుంచి 12 మిల్లీమీటర్లు పైన, సీటు పొడవులో మధ్య భాగంలో, ఒక్కో పక్క 3 లేదా 4 రంధ్రాలు. ఒక్కోటి 3, 4 మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌తో కొట్టించండి. చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర పంచ్ ఉంటుంది. మేకుతో పొడిస్తే అంచు గుండ్రంగా రాదు, అక్కణ్ణుంచే చీలిక మొదలవుతుంది. అంచుకి మరీ దగ్గరగా కొట్టినా లేసు తోలుని కోసేస్తుంది. రెండు పక్కల రంధ్రాలూ ఎదురెదురుగా రావాలి, అందుకని కాగితం మీద ఒక పక్క గుర్తులు తీసుకుని, మడతపెట్టి రెండో పక్కకి దించండి.

లేసుకి బలమైన నైలాన్ బూటు తాడు చాలు. బూటుకి కట్టినట్టు ఇటూ అటూ దాటిస్తూ వేసి, రెక్కలు నిలువుగా దిగేవరకే లాగండి. అంతకంటే లాగితే రెక్క లోపలి వైపు ఇనప రాడ్లకి ఒరుసుకుని అరుగుతుంది. రెక్కకీ రాడ్డుకీ మధ్య వేలు దూరాలి. లేసు కూడా రాడ్డుకి తగలకూడదు, తగిలితే బేగి తెగిపోతుంది. కొన్నాళ్ళు తొక్కాక లేసు ఒకసారి వదులవుతుంది, మళ్ళీ బిగించుకోవడమే.

అప్పటికీ దిగితేనే బోల్టు. తుప్పుకి రెండు చుక్కల కిరసనాయిలు మర మీద మాత్రమే వేసి రాత్రంతా వదిలెయ్యండి. తోలు మీద పడకుండా కింద గుడ్డ పెట్టండి. పొద్దున్న ముందుగా వదులు చేసే వైపు కొంచెం తిప్పి చూడండి, కదిలాక బిగించండి. అక్కడ జాగా తక్కువ, పల్చటి పానా కావాలి. ఎటు తిప్పాలో అనుమానమొస్తే ముక్కు రేకుని చూడండి: బిగిసేటప్పుడు అది ముందుకి జరుగుతుంది. ఒకసారికి పావు చుట్టు, అంతే. వారం తొక్కి, స్కేలు పెట్టి చూసి, అవసరమైతే ఇంకో పావు.

పలాస_తోలుపని:
పైన చెప్పినదానికి ఒప్పుకుంటున్నాను. నూనెల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన జిల్లాల్లో సీట్లు పాడవుతున్నది ఎక్కువగా అక్కడే.

సాగిన తోలుకి నూనె పట్టిస్తే ఇంకా సాగుతుంది. తోలు నారల మధ్య నూనె చేరితే అవి ఒకదాని మీద ఒకటి జారతాయి. చెప్పుకి, బెల్టుకి అది మంచిది. బరువు మోస్తూ వేలాడే తోలుకి కాదు. ఆముదం, కొబ్బరినూనె, బండి ఇంజనాయిలు ఏదైనా పల్చగా లోపలికి ఇంకేదే, పైగా దుమ్ము పట్టి తెల్ల పంచెకి మరకలు దిగుతాయి. సీటుకి కావలసింది మైనం, కొవ్వు కలిసిన గట్టి లేపనం. తోలు సీట్లు చేసే బ్రూక్స్ కంపెనీ వాళ్ళు అమ్మే ప్రూఫైడ్ అనే లేపనంలో కొవ్వు, చేపనూనె, తేనెమైనం లాంటివే ఉంటాయి. బటాణీ గింజంత తీసుకుని పైన పల్చగా రాసి, రాత్రంతా ఉంచి, పొడిగుడ్డతో రుద్దెయ్యాలి. కొత్త సీటుకైతే మొదటిసారి అడుగు వైపు కూడా. ఆ తర్వాత తోలు వెలిసినట్టు, పొడిబారినట్టు కనబడినప్పుడే. రంగులేని మైనం బూటు పాలిష్ వాన చినుకు జారిపోవడానికి పనికొస్తుంది, ఎండిన తోలుకి జీవం పొయ్యలేదు.

ఎండ మాట. తడిసిన తోలుకి వేడి తగిలితే ముడుచుకుంటుంది, నిజమే. కానీ అలా ముడుచుకున్న చోట నార ఉడికి పెళుసెక్కుతుంది, తర్వాత బరువు పడితే సాగదు, పగులుతుంది. తడిస్తే గుడ్డతో అద్ది, నీడలో గాలి ఆడేచోట ఆరనివ్వాలి. తడిగా ఉన్నప్పుడు అసలు ఎక్కకూడదు. సీటు ఆకారం చెడేది ఎక్కువగా తడిమీద తొక్కినప్పుడే. వానకి ప్లాస్టిక్ కవరు వేస్తే ఇంటికి రాగానే తీసెయ్యండి. కళింగపట్నం, బారువ వైపు గాలిలో ఉండే తేమకి లోపల చెమ్మ పట్టి బూజు వచ్చేస్తుంది.

బొబ్బిలి_చక్రం:
తడిపి ఆకారం తెప్పించే పద్ధతి కూడా ఉంది కదా. బోల్టు పూర్తిగా వదులు చేసి, సీటుని మామూలు నీళ్ళలో అరగంట నానబెట్టి, రెక్కలు లోపలికి నొక్కి పాత ట్యూబు ముక్కలతో చుట్టి, మూడు నాలుగు రోజులు నీడలో ఆరబెడితే రెక్కలు నిలబడతాయి. లేసుతో పనేముంది?

పలాస_తోలుపని:
పని చేస్తుంది, రెండు షరతుల మీద. తోలు చెట్టు బెరడు, కరక్కాయ లాంటి వాటితో పదును చేసినదై ఉండాలి, క్రోమియం ఉప్పులతో పదును చేసిన క్రోమ్ తోలు ఆరాక మళ్ళీ మొదటికే వస్తుంది. రెండోది, మన దగ్గర జూన్ నుంచి నవంబరు దాకా ఆ పని పెట్టుకోవద్దు. వానలు, ఆ వెంటనే తుఫాన్లు, నాలుగు రోజుల్లో లోపలి దాకా ఆరదు, ట్యూబు కింద బూజు కడుతుంది. జనవరి, ఫిబ్రవరి మంచి సమయం. ట్యూబుకీ తోలుకీ మధ్య నూలుగుడ్డ చుట్టండి, లేకపోతే నల్ల మచ్చలు దిగుతాయి. ఆరాక పల్చగా మైనం తప్పనిసరి, నీళ్ళు తోలులోని కొవ్వుని కొంత లాగేస్తాయి. ఇంత చేసినా బరువు పడుతుంటే రెక్కలు మెల్లగా మళ్ళీ విచ్చుకుంటాయి. కాబట్టి తడిపినా లేసు కడితేనే నిలుస్తుంది. రివిట్ దగ్గర గీత ఉన్న సీటుని మాత్రం నానబెట్టకండి.

నెల్లిమర్ల_రోడ్‌స్టర్:
చాలా థాంక్సండి. రెక్కలు నొక్కితే పల్లం లేచింది, లేసు కట్టించాను. జారడం బాగా తగ్గింది. బోల్టు కూడా కదిలింది గానీ నట్టు దాదాపు మర చివరికి వచ్చేసి ఉంది, ఇంక రెండు మూడు చుట్లే మిగిలాయి. వెనక గీత దగ్గర నుంచి చూస్తే ఒక రివిట్ నుంచి పక్క రివిట్ వైపు సుమారు 5 మిల్లీమీటర్లు పోయింది.

చీపురుపల్లి_పానా:
మర అయిపోయిందంటే ఇదివరకే ఎవరో బాగా బిగించేశారు. ఆ గీతకి కారణం కూడా అదే అయ్యుండొచ్చు. బోల్టు తల వెనక ఒకటి రెండు మందపాటి వాషర్లు వేసి మర మిగుల్చుకుంటారు, లేదా కొంచెం పొడుగు బోల్టు మారుస్తారు. కానీ మీరు ఆ పని చెయ్యకండి, బోల్టే ఒక అర చుట్టు వదులు చెయ్యండి. గీత రివిట్ నుంచి అంచు వైపు పోతే ఆ ఒక్క రివిట్ తీసి పెద్ద తల ఉన్న రాగి రివిట్ కొడితే ఆగుతుంది. రివిట్ నుంచి రివిట్‌కి పోతోందంటే తోలు ఆ వరుసంతా తెగబోతున్నట్టే. గీత చివర పెన్సిలుతో గుర్తు పెట్టి వారానికోసారి చూస్తుండండి. గుర్తు దాటితే తోలు మార్చాల్సిందే, పైన అతుకు వేసినా బరువుకి ఆగదు.

మార్చేటప్పుడు చెప్పుల పైభాగానికి వాడే 2 మిల్లీమీటర్ల మెత్తటి తోలు వేయించొద్దు, కొద్ది నెలల్లోనే ఊయలైపోతుంది. చెప్పు అడుగు అట్టకి వాడే గట్టి తోలు, 5 మిల్లీమీటర్ల మందం అడగండి. కోసిన అంచు చూడండి: లోపలి దాకా గోధుమరంగు ఉంటే మంచిది, నీలం బూడిదరంగు ఉంటే క్రోమ్. ఒక మూల తడిపి వేలితో వంచితే, ఆరాక ఆ వంపు నిలవాలి. పాత రివిట్లు డ్రిల్లుతో తీసి, కొత్త తోలుని నానబెట్టి సీటు ఇనుము మీద పరిచి, చుట్టూ కట్టి, పూర్తిగా ఆరాకే కోసి రంధ్రాలు కొట్టాలి. తడిమీద రివిట్లు కొడితే ఆరేటప్పుడు తోలు ముడుచుకుని రంధ్రాలు సాగిపోతాయి. బోల్టుని బాగా వదులుగా, మర మొదట్లోనే పెట్టి అప్పుడు రివిట్లు వెయ్యమనండి, ముందు ముందు బిగించుకోవడానికి జాగా ఉంటుంది. రివిట్లు రాగివే, వాషరుతో. అల్యూమినియం పాప్ రివిట్ల తలలు చిన్నవి, తోలులోంచి ఊడొచ్చేస్తాయి.

బ్రూక్స్ సీట్లున్నవాళ్ళకి ఒక మాట: ఆ బోల్టు, నట్టు, ముక్కు కొక్కెం విడిగా దొరుకుతాయి. మన పాత దేశవాళీ సీట్లకి అదే సైజు సరిపోతుందనుకుని తెప్పించకండి, మర కొలత చూపించి కొనుక్కోండి.