పీహెచ్‌క్యూ-9 రెండోసారి ఇస్తే స్కోర్లు కలవట్లేదు, రిపోర్టులో ఏం రాయాలి?

నమస్తే అండి, విజయనగరంలో డిగ్రీ రెండో ఏడాది సైకాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మా హాస్టల్లో 38 మంది అమ్మాయిలకి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ లక్షణాల గురించి అడిగే తొమ్మిది ప్రశ్నల స్కేలు) తెలుగులో ఇచ్చాను, పేర్లు రాయించలేదు, కోడ్ నంబర్లే. మొదటిసారి సెమిస్టర్ పరీక్షలకి రెండ్రోజుల ముందు, రెండోసారి సరిగ్గా మూడు వారాలకి, అంటే పైడితల్లమ్మ సిరిమానోత్సవం సెలవులకి అందరూ ఇళ్ళకెళ్ళి తిరిగొచ్చాక.

రెండు స్కోర్ల మధ్య కోరిలేషన్ (రెండూ ఎంత కలుస్తాయో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కలిసినట్టు) 0.41 మాత్రమే వచ్చింది. ఎంట్రీ తప్పేమోనని కాగితాలన్నీ మళ్ళీ ఒక్కొక్కటే చూసాను, మరీ తేడాగా ఉన్న ఇద్దర్ని తీసేసి చూస్తే 0.44, అంతే. క్రాన్‌బాక్ ఆల్ఫా మాత్రం మొదటిసారి 0.81, రెండోసారి 0.79, అంటే ప్రశ్నలు ఒకదానితో ఒకటి బాగానే కలుస్తున్నాయి కదా. 2001లో ఈ స్కేలు మీద వచ్చిన అసలు పేపర్లో రెండుసార్ల స్కోర్ల మధ్య కోరిలేషన్ 0.84 ఉంది గానీ వాళ్ళు 48 గంటల్లోపే మళ్ళీ అడిగారు.

ఈ ప్రశ్నలు గత రెండు వారాల గురించే అడుగుతాయి కాబట్టి నా రెండు కాగితాలూ వేరేవేరే రోజుల గురించి చెప్తున్నాయి. ఒకమ్మాయి నిద్ర ప్రశ్నకి మొదట 3 పెట్టింది, రెండోసారి 0 పెట్టి పక్కన పెన్సిల్‌తో "అమ్మ దగ్గర పడుకున్నాను" అని రాసింది, అది చూసాక స్కేలు నమ్మకమైంది కాదు అని రాయడానికి నాకు మనసొప్పట్లేదు. గైడ్ మేడం మాత్రం రిలయబిలిటీ తక్కువ అని రాసేయమంటున్నారు.

మళ్ళీ సర్వే చేసే టైం లేదు, ఉన్న ఈ డేటాతోనే ఇది స్కేలు లోపమా, నిజంగా వాళ్ళ పరిస్థితి మారిందా అని విడదీసి చూపించే పద్ధతి ఏమైనా ఉందా?